మిగిలిపోయిన మూడు డిగ్రీలు

లంబకోణ త్రిభుజంలో తెలియని కోణం ఎంతో కంటితో చూసి చెప్పగలిగినవాడు మా ఫిర్కా మొత్తానికి ఒక్కడే ఉండేవాడు. ఆ ఒక్కడూ నేనే. స్కేలు అక్కర్లేదు, పటం అక్కర్లేదు. గుమ్మంలో నిలబడి చూసినా చెప్పేవాణ్ణి, బండి మీద పోతూ చూసినా చెప్పేవాణ్ణి. బళ్ళో మా లెక్కల మాస్టారు నల్లబల్ల మీద త్రిభుజం గీస్తూ, ఇంకా రెండో గీత దగ్గర ఉండగానే నేను సమాధానం చెప్పేసేవాణ్ణి. ఆయన సుద్దముక్క కింద పడేసి, "ఒరే పేరయ్యా, నువ్వు బడిలో ఉండాల్సినవాడివి కాదురా" అనేవారు. నమ్మకపోతే మా కాకిలంక వెళ్ళి అడగండి. నవ్వుతారు. నవ్వనివ్వండి. లోకంలో విద్వాంసుణ్ణి చూసి నవ్వనివాళ్ళెవరు?

ఆ విద్య అక్కరకొచ్చిన రోజు ఒకటుంది. అది చెప్పాలంటే ముందు పట్నంలో జరిగింది చెప్పాలి.

ఒక పెద్దాయన, కొత్త భవనం మీద తన పేరున్న రాతిపలక సరిగ్గా బిగించారో లేదో చూద్దామని నిచ్చెన ఎక్కి, మధ్యలో జారి, కింద నిలబడ్డ ఇంకో పెద్దాయన మీద పడ్డాడు. ఇద్దరికీ ఏమీ కాలేదు. మామూలువాళ్ళు పడితే కాలు విరుగుతుంది. పెద్దవాళ్ళు పడితే విచారణ సంఘం పుడుతుంది. పుట్టిన సంఘం ఊరూరా తిరిగి, ఊరికో రకం ఉప్మా తిని, నిచ్చెన మెట్టు మీది నూనె మరకనీ, పెద్దాయన కొత్త చెప్పుల్నీ వదిలేసి, చివరికి ఇలా తేల్చింది: "నిచ్చెనకును నేలకును నడుమ గల కోణము ప్రమాద సమయమున ఎవరికినీ తెలియకుండుటయే ప్రమాదమునకు మూలకారణము."

ఇంకేముంది! లంబకోణ త్రిభుజ అజ్ఞాత కోణ నిర్మూలన శాఖ వెలిసింది. గోడ నిటారుగా ఉంటుంది, నేల చదునుగా ఉంటుంది, నిచ్చెన ఏటవాలుగా ఉంటుంది కాబట్టి నిచ్చెన ఆన్చిన ప్రతిచోటా ఒక లంబకోణ త్రిభుజం ఉన్నట్టే. అందులో లంబకోణం ఒక్కటే అందరికీ తెలుసు. మిగిలిన రెండూ దొంగల్లా దాక్కుని ఉంటాయి. వాటిని పట్టుకోవాలి. మా ఊరి గోడల మీద కూడా "తెలియని కోణం, పొంచి ఉన్న ప్రమాదం" అని నీలిరంగుతో రాసిపోయారు. ఆ రాసినవాడు నిచ్చెనెక్కే రాశాడు గానీ, అప్పటికి ఉత్తర్వు ఇంకా మా ఊరు చేరలేదు.

ఉత్తర్వు ఏమిటంటే, కోణాలన్నీ కొలిచి ఖాయం చేసేదాకా "సదరు నిచ్చెనను ఎక్కుట గానీ దిగుట గానీ నిషిద్ధము." ఎక్కుట అంటే అర్థముంది. ఆ "దిగుట" అనే మాట ఎందుకు చేర్చారో ఎవరికీ తెలీదు. వాక్యం నిండుగా ఉంటుందని చేర్చి ఉంటారు. ఆ చేర్చినాయన ఎక్కడున్నా ఆయనకో దణ్ణం. ఈ కథంతా ఆయన చలవే.

మా ఊళ్ళో పెంకులు నేసే నూకరాజు అని ఒక కుర్రాడు ఉండేవాడు. మంచి పనివాడు. వానాకాలం ముందు ప్రతి ఇంటి కప్పు మీదా అతనే. ఆ రోజు ఊరుమ్మడి ధాన్యం గిడ్డంగి మీద పగిలిన పెంకులు మారుస్తున్నాడు. ఆ గిడ్డంగి రెండు తాటిచెట్ల ఎత్తు. సరే, ఒక తాటిచెట్టు. ఊరికంతటికీ అంత పొడుగు నిచ్చెన ఒక్కటే ఉంది, అదే దానికి ఆన్చి ఉంది. వెనకటి వరదకి గిడ్డంగి గోడ ఊరివైపు కాస్త ఒరిగి, మా మాటలు చెవియొగ్గి వింటున్నట్టుండేది. దాని కింద మేం అలవాటుగా పేకాడుకునేవాళ్ళం.

ఆ సాయంత్రమే నూకరాజుకి పెళ్ళిచూపులు. ఏటి అవతలి నుంచి పందిళ్ళు వేసే అప్పన్న తన కూతురు చక్రవేణినీ, తన తల్లి మాచరమ్మనీ తీసుకుని పడవ మీద వస్తున్నాడు. వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఎత్తుల మీద పనిచేసేవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు పడతారు, పడ్డాక కాలు సొట్టపోతే ఆ సంగతి దాచి పెళ్ళి చేసుకుంటారు. అందుకని వాళ్ళు పిల్లవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి చూడరు. నేల మీద నడిపించి చూస్తారు. పిల్ల కూడా వచ్చి చూస్తుంది. నూకరాజుకి కాలు సొట్ట అని గిట్టనివాళ్ళెవరో పుకారు పుట్టించబట్టి అప్పటికే రెండు సంబంధాలు తప్పిపోయాయి. ఇది కూడా పోతే నాలుగోది వెతికే ఓపిక వాళ్ళమ్మకి లేదు. కాబట్టి నూకరాజు ఆ సాయంత్రం నేల మీద నడవాలి. అంతే. అంతకుమించి అతనికి ప్రపంచంలో ఏమీ అక్కర్లేదు.

మధ్యాహ్నం జీపొచ్చింది.

అందులోంచి నిర్మూలన శాఖ ఉప సంచాలకులు హయగ్రీవరావు గారు దిగారు. వెనకాల ఇద్దరు బంట్రోతులు, బండిచక్రంలో సగమంత చెక్క కోణమానిని మోసుకుంటూ దిగారు. ఆయన నిచ్చెనని చూసి, పులి అడుగుజాడ చూసిన వేటగాడిలా ఆగిపోయారు.

"ఈ త్రిభుజము ఎవరిది?"

పేకముక్కలు దాచేసి మేమంతా లేచాం. "త్రిభుజం కాదండి, నిచ్చెనండి" అన్నాను.

"మీకు నిచ్చెనగా కనిపించుచున్నది. శాఖకు త్రిభుజముగా కనిపించుచున్నది" అని, నిచ్చెన కాళ్ళకి ఎర్రనాడా చుట్టి లక్కముద్ర వేయించారు. అప్పుడు పైకి చూశారు. "ఆ మనిషి ఎవరు?"

నూకరాజు చూరు అంచుకి వచ్చి వంగి చూశాడు. "నేనండి, నూకరాజునండి! పనైపోయిందండి, దిగిపోతన్నానండి!"

"దిగరాదు!"

"అదేంటండి?"

"నీవు దిగుచున్న నిచ్చెన యొక్క కోణము నీకు తెలియునా?"

"తెల్దండి. ఎక్కేటప్పుడూ తెల్దండి. ఎక్కేశానండి."

"అది నీ అదృష్టము. దిగుటకు అదృష్టము చాలదు, అనుమతి కావలెను."

నూకరాజు తల్లి కొంగు నడుముకి దోపి ముందుకొచ్చింది. "బాబూ, సాయంత్రం ఆడికి పెళ్ళిచూపులండి. మీ కోణాలేవో మీరు చూసుకోండి, మా ఓణ్ణి మాకిచ్చెయ్యండి."

"అమ్మా, కంగారుపడవద్దు. కోణములు కనుగొన్న మరుక్షణమే మీ కుమారుడు మీకు లభ్యమగును."

కోణమానిని నేల మీద నిలబెట్టారు. ఒక బంట్రోతు పట్టుకున్నాడు, ఇంకో బంట్రోతు బోర్లా పడుకుని చూశాడు. "డెబ్భై అండి!" అని అరిచాడు. ఊరంతా హమ్మయ్య అనుకుంది. మా ఊరి పిల్లకాయలకి కూడా ఆ లెక్క వచ్చు. లంబకోణం తొంభై పోతే మిగిలిన రెండూ కలిపి తొంభై. అందులో డెబ్భై పోతే పైకోణం ఇరవై. "ఇరవై! ఇరవై!" అని అందరూ ఒక్కసారే అరిచారు. నూకరాజు అప్పుడే ఒక కాలు నిచ్చెన మీద పెట్టాడు.

"కాలు తీయుము!" అన్నారు హయగ్రీవరావు గారు. "ఇరవై అనునది లెక్కించిన కోణము. శాఖకు కావలసినది కొలిచిన కోణము. లెక్కలను నమ్మినచో కోణమానినులు కొనుట ఎందులకు?"

"అయితే పైకెక్కి కొలవండి" అన్నాను.

"కోణము ఖాయము కాకుండా ఎక్కుట నిషిద్ధము."

"ఎక్కకుండా కొలవడం ఎలాగండి?"

"అది సాంకేతిక సమస్య. పరిశీలనలో ఉన్నది." ఆయన కాస్త ఆలోచించి, "అయితే ఒక వెసులుబాటు కలదు. కంటితో చూచి కోణము నిర్ధారించగల స్థానిక నిపుణుడు ఎవరైనా ఉన్నచో, వారి మాట చెల్లును" అన్నారు.

ఊరంతా నా వైపు తిరిగింది. ఇన్నేళ్ళూ కాఫీహోటల్లో నేను చెప్పుకున్నవన్నీ వాళ్ళు విన్నారు కదా! "మా పేరయ్య ఉన్నాడుగా!" అని నన్ను ముందుకి తోశారు. పైనుంచి నూకరాజు చేతులు జోడించాడు. "పేరయ్య బాబాయ్, నీ చేతిలోనే ఉంది నా పెళ్ళి!"

నేను ఒక కన్ను మూశాను. బొటనవేలు ఎత్తి చూశాను. గొంతు సవరించుకున్నాను. "ముప్పై" అన్నాను.

హయగ్రీవరావు గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "కిందిది డెబ్భై, పైది ముప్పై. వెరసి నూరు. పది ఎక్కువైనది."

"అయితే అరవై" అన్నాను.

ఇక్కడ దాచిపెట్టేదేముంది! మా లెక్కల మాస్టారికి వచ్చిన త్రిభుజం ఒక్కటే. దాన్నే ఒకసారి నిలబెట్టీ, ఒకసారి పడుకోబెట్టీ గీసేవారు. అందులో తెలియని కోణం ముప్పై అయినా అయ్యుండాలి, అరవై అయినా అయ్యుండాలి. నేను ముప్పై అనేవాణ్ణి. ఆయన బెత్తం ఎత్తితే అరవై అనేవాణ్ణి. నా విద్య అక్కడికి సరి. ఈ రెండూ కాక మూడో కోణం లోకంలో ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. నూకరాజు తల్లి నన్ను చూసిన చూపు ఏ కోణంలో ఉందో మాత్రం ఇప్పటికీ చెప్పలేను.

చివరికి నూకరాజే ఉపాయం చెప్పాడు. పెంకులు లాక్కునే తాడు అతని దగ్గరే ఉంది. దాన్ని కిందికి వదిలితే కోణమానిని కట్టి పంపొచ్చు, తనే కొలిచి చెబుతాడు. లబ్ధిదారుడు తన కోణం తానే కొలుచుకోవడం పద్ధతి కాదని హయగ్రీవరావు గారు మొదట అన్నారు గానీ, ఎండ మాడు పగలగొడుతోంది. కోణమానిని పైకి పోయింది. నూకరాజు బోర్లా పడుకుని, తల వేలాడేసి చూశాడు.

"ఇరవై మూడండి!"

"సరిగా చూడుము."

"సరిగానే చూశానండి. ఇరవయ్యీ మూడూనండి!"

హయగ్రీవరావు గారి ముఖం నల్లబడింది. ఆయన గొంతు తగ్గించి అన్నారు: "తొంభై, డెబ్భై, ఇరవై మూడు. నూట ఎనభై మూడు. ఒక్కొక్క త్రిభుజమునకు మంజూరైనది నూట ఎనభై డిగ్రీలు మాత్రమే. ఈ మూడు డిగ్రీలు ఎచ్చటివి? ఎవరివి?"

ఊరంతా రెండడుగులు వెనక్కి వేసింది. "మావి కావండి." "మావీ కావండి." "అవతలి ఒడ్డువాళ్ళవై ఉంటాయండి, వాళ్ళకి ముందునించీ చేతివాటం ఎక్కువండి."

మిగులు డిగ్రీలు చుట్టుపక్కల ఏ త్రిభుజంలోంచి వచ్చి చేరాయో కనిపెట్టాలని సోదా మొదలైంది. బంట్రోతులు వీధిలోకి రాకముందే ఊళ్ళో ఏటవాలుగా ఉన్నవన్నీ పడుకున్నాయి. గోడకి ఆన్చిన మంచాలు వాల్చేశారు. రోకళ్ళు దొర్లించేశారు. బండి కాడి మోపిన కర్ర లాగేస్తే బండి చతికిలబడింది. మా మేనత్త అరుగు మీద గోడకి జారగిలబడి కునుకు తీస్తోంది. ఆవిడ వీపుకీ గోడకీ అరుగుకీ మధ్య అనుమానాస్పదమైన ఖాళీ ఉందని ఒక బంట్రోతు లేపి నిటారుగా కూర్చోబెట్టాడు. "నా వీపు నా ఇష్టం రా సచ్చినోడా" అని ఆవిడ మళ్ళీ జారగిలబడింది. శాఖ చరిత్రలో అదొక్కటే ధిక్కారమట.

నాకు అప్పుడు వెలిగింది. పరువు పోయినవాడికి బుర్ర పదునెక్కుతుంది. "అయ్యా, ఈ గోడ చూడండి. వరదకి ముందుకి ఒరిగిపోయింది. అంటే గోడకీ నేలకీ మధ్య తొంభై లేదు, ఎనభై ఏడే ఉంది. మీ మూడు డిగ్రీలూ ఎక్కడికీ పోలేదు, అక్కడే తరిగాయి. అసలిది లంబకోణ త్రిభుజమే కాదు. లంబకోణ త్రిభుజం కానప్పుడు మీ శాఖకి దీంతో పనేముందండి?"

జనం చప్పట్లు కొట్టారు. హయగ్రీవరావు గారు గోడ వైపు చూడకుండా జవాబిచ్చారు.

"గోడ నిటారుగా ఉన్నదని కట్టిన నాడే గోడల శాఖవారు ధ్రువీకరించియున్నారు. గోడల శాఖవారు వాలినది అనువరకు గోడ వాలదు."

"వాలింది కదండి, కళ్ళెదురుగా!"

"వాలినట్లు కనిపించుచున్నది. ఇందాక మీకు ముప్పై కనిపించినట్లు."

నేను కూర్చున్నాను.

ఎండ తగ్గింది. ఏటి రేవు వైపు నుంచి ముగ్గురు వస్తున్నారు. ముందు అప్పన్న, భుజాన తాళ్ళ చుట్ట. పందిళ్ళవాళ్ళు చావుకెళ్ళినా పెళ్ళికెళ్ళినా తాడు లేకుండా వెళ్ళరు. వెనక మాచరమ్మ, పక్కన చక్రవేణి. నూకరాజు తల్లి ఎదురెళ్ళి కాళ్ళకి నీళ్ళిచ్చింది గానీ, కొడుకెక్కడున్నాడో చెప్పడానికి నోరు రాక చెయ్యి పైకెత్తి చూపించింది. మాచరమ్మ పైకి చూసి, "అయ్యో తల్లీ! ఎప్పుడు పోయాడు?" అంది.

"పోలేదండి! పైనున్నానండి!" అని కప్పు మీంచి కేక.

మాచరమ్మ కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "పైనేం చేస్తన్నావ్ అబ్బాయ్? పిల్లనిచ్చేవోళ్ళొస్తే కిందుండాలని తెల్దా?"

"గవర్నమెంటోరు దిగొద్దన్నారండి మామ్మగారూ!"

"గవర్నమెంటు వద్దందో, కాలు వద్దందో! మేమూ విన్నాం లే."

నూకరాజుకి పౌరుషం వచ్చింది. కప్పు మీద ఈ కొసనుంచి ఆ కొసకి గబగబా నడిచి చూపించాడు. పెంకు ఒక్కటి కూడా పగల్లేదు. మాచరమ్మ పెదవి విరిచింది. "పెంకుల మీద మంచి కాలోడూ వంకరగానే నడుత్తాడు, వంకర కాలోడూ వంకరగానే నడుత్తాడు. నేల మీద చూడాలి. లెగరా అప్పన్నా, ఆఖరి పడవెళ్ళిపోద్ది. ఆ పక్కూరి సంబంధం చూసుకుందాం."

చక్రవేణి కదల్లేదు. ఆ పిల్ల ఎర్రనాడా చూసింది, కోణమానిని చూసింది, పైన మొహం వేలాడేసిన నూకరాజుని చూసింది. తర్వాత హయగ్రీవరావు గారి దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"అయ్యగారూ, మీ గొడవ నిచ్చెనతోనా, ఈ మూలల్తోనా?"

"మూలలు కావు, కోణములు. కోణములతోనే."

"నిచ్చెన గోడకి ఆన్చకపోతే కోణాలుంటాయాండి?"

"ఆన్చనిచో త్రిభుజము ఉండదు. త్రిభుజము లేనిచో కోణములు ఉండవు."

"మీ శాఖ పేరేంటన్నారు?"

ఆయన పూర్తి పేరు చెప్పారు. "నిర్మూలన" అన్నచోట ఆ పిల్ల వేలెత్తి ఆపింది. "మరి నిర్మూలించండి! దీన్ని తీసేసి నిట్టనిలువుగా నిలబెట్టేస్తే రెండు కోణాలూ ఒక్క దెబ్బకి పోతాయి కదా. మేం పందిళ్ళకి రోజూ అలాగే నిలబెడతాం, నాలుగేపులా తాళ్ళు లాగి పట్టుకుని."

శాఖ పుట్టి రెండేళ్ళు. అప్పటిదాకా ఎన్నో కోణాల్ని పట్టుకున్నారు, కొలిచారు, ముద్ర వేశారు గానీ, ఒక్క కోణాన్నీ నిర్మూలించలేదు. హయగ్రీవరావు గారి కళ్ళు చెమర్చాయి. వంగి, తన చేత్తోనే లక్కముద్ర విరగ్గొట్టారు.

అప్పన్న తాళ్ళు విసిరాడు. నూకరాజు పైనుంచి వాటిని నిచ్చెన కొనకి బిగించాడు. నాలుగు వైపులా ఊరు ఊరంతా పట్టుకుంది. ఒక తాడు నేనూ పట్టుకున్నాను. గోడకి ఆని క్షేమంగా ఉన్న నిచ్చెన, గోడ వదిలి ఆకాశంలోకి నిలబడి, కల్లు తాగినవాడిలా ఊగడం మొదలుపెట్టింది. "ఇప్పుడు సురక్షితము" అన్నారు హయగ్రీవరావు గారు. "దిగవచ్చును."

తాడు లాగిపట్టి నిలబడ్డ నాకు ఒక సంగతి కనిపించింది. నిచ్చెన నిటారుగా ఉంది. నేల చదునుగా ఉంది. తాడు ఏటవాలుగా ఉంది. మధ్యాహ్నం నుంచీ ఆ ఊళ్ళో ఒక్క అసలైన లంబకోణ త్రిభుజం లేదు, ఇప్పుడు నాలుగున్నాయి. నాలుగింటిలోనూ కోణాలు ఎవరికీ తెలియవు. హయగ్రీవరావు గారు కూడా తాడు వెంబడి కిందికీ మీదికీ చూశారు. ఆయన నన్ను చూశారు. నేను ఆయన్ని చూశాను. "తాళ్ళు మన శాఖ పరిధిలోనివి కావు" అన్నారు మెల్లగా. జీవితంలో మొదటిసారి ఒక కోణం గురించి నేను నోరు మూసుకున్నాను.

నూకరాజు ఊగుతున్న నిచ్చెన మీంచి మెట్టు మెట్టూ దిగి నేల మీద కాలు పెట్టాడు. వాళ్ళమ్మ ఏడ్చింది. హయగ్రీవరావు గారు దగ్గరికొచ్చి, అతని భుజం మీద చెయ్యి వేసి, "బాబూ, మా వల్ల పొరపాటు జరిగింది. క్షమించు" అన్నారు.

ఇక నడక. మాచరమ్మ నేల మీద గొంతుక్కూర్చుని, అతని పాదాల మీద కళ్ళు పెట్టి, గిడ్డంగి నుంచి రచ్చబండ దాకా నడిపించింది, వెనక్కి తిప్పించింది. "కాలు బాగానే ఉందే" అంది, కాస్త నిరాశగా. "నువ్వేమంటావే చక్రం?"

చక్రవేణి అతని వైపు కాకుండా రేవు వైపు చూస్తూ చెప్పింది. "నడక సరే. దిగేటప్పుడు మెట్టు చూసుకోవాలా, అక్కర్లేదా? ఆ నిచ్చెన అంతలా ఊగిపోతంటే కళ్ళు నా మీదెట్టి దిగాడు మామ్మా. ఇలాటోడు పడకుండా కాసుకోడానికి ఒకళ్ళుండాలి."

ఆఖరి పడవ ఆ పూట వాళ్ళ కోసం రేవులో కాసేపు ఆగింది. పెళ్ళి శ్రావణంలో అయింది. పందిరి అప్పన్నే వేశాడు.

హయగ్రీవరావు గారి నివేదిక పై నుంచి పైకి పోయింది. రాష్ట్రమంతటా నిచ్చెనలు నిటారుగా మాత్రమే నిలబెట్టవలెనని కొత్త ఉత్తర్వు వచ్చింది. కాకిలంకకి అజ్ఞాత కోణరహిత గ్రామమని ప్రశంసాపత్రం ఇచ్చారు. పట్నంలో ఆ పత్రం ఇచ్చిన సభలో, నిటారు నిచ్చెన ఎంత సురక్షితమో చూపించడానికి, మొదట పడ్డ ఆ పెద్దాయనే ఎక్కి మళ్ళీ పడ్డాడు. మళ్ళీ విచారణ సంఘం కూర్చుంది, మళ్ళీ ఉప్మా తింది. ప్రమాదానికి కారణం కోణం తెలియకపోవడమే కదా. ఈసారి తెలియని కోణమే లేదు. కాబట్టి ప్రమాదానికి కారణం లేదు. కారణం లేదు కాబట్టి ప్రమాదం జరగలేదని తేల్చారు. ఆయన చేతికి కట్టు కట్టుకునే ఆ నివేదిక అందుకున్నాడు.

ఇంత చదివాక మీరు, "ముసలాయనా, ఇందులో నిజమెంత?" అని అడుగుతారు. అడగండి. శాఖ నిజం. మూడు డిగ్రీలు నిజం. మా మేనత్త నిజం, ఆవిడ తిట్టిన తిట్టు ఇంకా పెద్దది, నేనే తగ్గించాను. పెద్దాయన రెండుసార్లూ పడ్డది నిజం. కల్పించింది ఒకే ఒక్క ముక్క. హయగ్రీవరావు గారు నూకరాజు భుజం మీద చెయ్యి వేసి క్షమించమన్నారని రాశాను చూశారా, అది. రెండు తాటిచెట్ల గిడ్డంగి కట్టినప్పుడు వణకని చెయ్యి, ఆ ముక్క రాసేటప్పుడు వణికింది. అంత పెద్ద అబద్ధం నేను ముందెప్పుడూ ఆడలేదు.